చూడకుండా చెప్పిన మాట

మొన్న మా క్లినిక్‌లో పరీక్ష బల్ల చుట్టూ కొత్త తెర కట్టించాను. బిగించడానికి వచ్చినతను ప్లాస్టిక్ రింగులు తేలేదని ఇనుప రింగులే వేసి పోయాడు. మధ్యాహ్నం నర్సు ఆ తెరను ఒక్క ఊపున లాగితే రింగులన్నీ కడ్డీ మీద కరకరమంటూ జరిగాయి. బల్ల మీద పడుకున్న ఆమెకు అది వట్టి చప్పుడు. నేను మాత్రం స్టెతస్కోపు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ చప్పుడు తర్వాత తెర అవతలి నుంచి ఒక గొంతు రావాలి, "ఏం కనవడ్తున్నది, చెప్పు" అని. ఆ గొంతుకు జవాబు చెప్పడం మానేసి పన్నెండేళ్లు దాటింది. అయినా జవాబు చెప్పడానికి నా నోరు తెరుచుకుంది. నర్సు నావైపు వింతగా చూసింది.

ఆ గొంతు దేవసహాయం సారుది. తొంభైలలో నిజామాబాద్‌లో, కంఠేశ్వర్‌లో, ఆయనకు చిన్న నర్సింగ్ హోం ఉండేది. సర్జన్. పొట్టి మనిషి, మీసం లేదు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుని పాటలన్నీ శ్రుతి తప్పి, అందరికన్నా గట్టిగా పాడేవారని వాళ్లావిడే నవ్వుతూ చెప్పేది. రోగిని ముట్టుకునే ముందు వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచి తుడుచుకునేవారు. చల్లటి చేయి తగిలితే పొట్ట బిగుసుకుపోతుంది, అప్పుడు లోపల ఏముందో తెలియదు అని. ఆ గిన్నెలో నీళ్లు చల్లారితే ఆయాకు చీవాట్లు తప్పేవి కావు. రోగులతో ఎంత ఓపికో మాతో అంత కటువు. ఇప్పుడు ఊళ్లో ఆయన్ని తలుచుకునే వాళ్లంతా దేవుడిలాంటి మనిషి అంటారు. ఆ మాట నేను అనను. నాలుగేళ్లు ఆయన చేతి కింద పనిచేశాను. ఆయన నాకు నేర్పింది ఏమిటో, నేను నేర్చుకోలేనిది ఏమిటో నాకే తెలుసు.

నాది కమ్మర్‌పల్లి. మా బాపు దుబాయి ఎండల్లో పదహారేళ్లు పనిచేసి నన్ను డాక్టరును చేశాడు. ఊరికి మొదటి డాక్టరమ్మను కనక తల కాస్త ఎత్తుకునే తిరిగేదాన్ని. ఆ తలను సారు మొదటి వారంలోనే దించారు. ఒక రోజు పొద్దున వార్డులో కేస్ షీట్లన్నీ వరసగా తిరగేసి నన్ను పిలిచారు.

"డాక్టరమ్మా, మన దవాఖానల అందరి నాడి డెబ్బై రెండే కొడ్తున్నదా?"

నేను నవ్వబోయాను. ఆయన నవ్వడం లేదు.

"పన్నెండు మంది ఉన్నరు. పన్నెండు మందికి డెబ్బై రెండు రాసినవ్. లెక్కవెట్టినవా?"

"కొందరికి పెట్టిన సార్."

"కొందరికి పెడితే కొందరికే రాయి. మిగిలినోళ్లకు చూడలేదని రాయి. చూడలేదని రాస్తే నేను పోయి చూస్త. నార్మల్ అని రాసినంక ఇగ ఎవ్వరు చూడరు. గంతే ఫరక్."

అంతటితో వదల్లేదు. ప్రతి మంచం దగ్గరికీ పోయి, నాడి చూడకుండానే రాశాను, మళ్లీ చెయ్యి ఇవ్వండి అని నా నోటితో నేనే చెప్పాలన్నారు. చెప్పాను. చెవులు ఎర్రబడుతున్నా పన్నెండు మందికీ చెప్పాను. నందిపేట్ నుంచి వచ్చిన ఒక ముసలాయన నామీద జాలిపడ్డాడు. "గిదేంది బిడ్డా, గింత దానికి గింత లొల్లా? డెబ్బై రెండే రాసుకో, నాకేం గాదు" అన్నాడు. ఆయన నాడి నూట నాలుగు ఉంది. ఆపరేషన్ గాయం చీము పట్టిందని ఆ సాయంత్రానికి తేలింది. సారు నన్ను మరో మాట అనలేదు. ఆ రోజు రాత్రి హాస్టల్ గదిలో ఆయన్ని తిట్టుకుంటూ ఏడ్చాను. అంతమంది ముందు ఇంకెప్పుడూ అలా నిలబడనని ఒట్టు పెట్టుకున్నాను. ఆయన నాకు నేర్పాలనుకున్నది ఒకటి, నేను నేర్చుకున్నది ఇంకొకటి.

ప్రతి బుధవారం మేము బోధన్ పోయేవాళ్లం. బస్టాండు దగ్గర ఒక అద్దె గదిలో సారు రోగులను చూసేవారు. చక్కెర ఫ్యాక్టరీ ఆడే కాలంలో ఆ రోడ్డంతా చెరుకు బండ్లు, ట్రాక్టర్లు. గదిలోకి కూడా చెరుకు మడ్డి వాసన వచ్చేది. చెరుకు నరికేవాళ్లు, బండ్లవాళ్లు, సరిహద్దు అవతలి నుంచి మరాఠీ మాట్లాడుతూ వచ్చేవాళ్లు, బెంచీలు చాలక మెట్ల మీద కూర్చునేవాళ్లు. ఆడవాళ్లలో చాలామంది మగ డాక్టరుకు చెయ్యి చూపిస్తారు, నాలుక చూపిస్తారు, పొట్ట చూపించమంటే లేచి వెళ్లిపోతారు. అందుకని సారు ఒక పద్ధతి పెట్టారు. తెర లోపల నేను. తెర బయట స్టూలు మీద ఆయన, ఒళ్లో కేస్ షీటు. నేను చూసింది చూసినట్టు పైకి చెప్పాలి, ఆయన రాసుకోవాలి. మొదటి బుధవారమే నాతో అన్నారు, "తెర లోపట నీ చేతులు నావి, నీ కండ్లు నావి" అని. ఆ మాటకు నేను పొంగిపోయాను. అది మెచ్చుకోలు కాదనీ, అప్పగింత అనీ అర్థం కాలేదు.

గంగామణి అలాంటి ఒక బుధవారమే వచ్చింది. బోధన్ పక్క పల్లె. యాభై దాటిన మనిషి, చెరుకు పనికి పోయేది. కొడుకు సాయిలు ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు నడుపుతాడు, తల్లిని అతనే తీసుకొచ్చాడు. ఆమె కాళ్లు రెండూ మోకాళ్ల పైదాకా వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోతోంది.

"ఎన్ని దినాల సంది అవ్వా?"

"బతుకమ్మ పండుగప్పటి సంది బిడ్డా. పొద్దుగాల తక్కువుంటది, మాపటికి గిట్ల కుండలైతయ్. నడుంల గూడ ఏందో బరువు వెట్టినట్టున్నది."

ఆ ప్రాంతంలో కాలు వాచిందంటే దోమకాటు వల్ల వచ్చే బోదకాలే మొదట గుర్తొస్తుంది. ఆ నెలలో నేను చూసిన ఆరో కాలో ఏడో కాలో అది. "బోదకాలు లెక్కనే ఉంది సార్" అని తెర లోపలి నుంచి అరిచాను.

"రెండు కాళ్లా?" అన్నారు సారు.

"రెండు సార్."

"కడుపు చూడు."

ఆ మాట గంగామణి కూడా విన్నది. ఆ ఊళ్లలో ఆమె వయసువాళ్లు చీరను గోచీ పోసి, నడుము చుట్టూ బిగించి కడతారు. రొండిన వక్కాకుల సంచి దోపుకుంటారు. పొట్ట చూడాలంటే కట్టంతా విప్పాలి, మళ్లీ కట్టుకోవడానికి ఎంతోసేపు పడుతుంది. ఆమె రొండిన ముడి మీద చెయ్యి పెట్టి, నా మొహంలోకి చూస్తూ అడిగింది. "ఇప్పాల్నా బిడ్డా?"

బయట ఇంకా ముప్పై మంది ఉన్నారు. పొద్దుటి నుంచి నేను నీళ్లు కూడా తాగలేదు. ఇవన్నీ ఇప్పుడు చెబుతున్న సాకులు. అప్పుడు నేను ఏమీ ఆలోచించలేదు. "వద్దులే అవ్వా" అన్నాను మెల్లిగా. ఆ తర్వాత పైకి, స్పష్టంగా, "కడుపు నార్మల్ సార్" అన్నాను. అవతల పెన్ను గీసిన చప్పుడు వినపడింది. గంగామణి సంచి సర్దుకుని, హాయిగా బల్ల దిగింది.

ఆమెకు బోదకాలు మాత్రలు ఇచ్చాం. తర్వాతి ఎనిమిది నెలల్లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ నేనే చూశాను. ఒకసారి మాత్రలు మార్చాను, ఒకసారి పడుకున్నప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోమన్నాను. కడుపు సంగతి సారు మళ్లీ అడగలేదు. అడగవలసిన పని లేదు, కేస్ షీటులో ఆయన చేత్తోనే రాసి ఉంది.

ఎనిమిదో నెలలో మా ఇంట్లో పెళ్లికని నేను కమ్మర్‌పల్లి పోయాను. ఆ బుధవారం తెర లోపలికి పోవడానికి నేను లేను. గంగామణి వచ్చింది. కాళ్లు తొడల దాకా వాచాయి, నడవలేక గోడ పట్టుకుని వచ్చిందట. సారు ఆయాను తోడు నిలబెట్టి, గంగామణిని బతిమాలి ఒప్పించి, తానే తెర లోపలికి పోయారు. మర్నాడు నేను కంఠేశ్వర్ వచ్చేసరికి ఆమె వార్డులో ఉంది. సారు నాకు నమస్తే కూడా చెప్పనివ్వలేదు. "రా, చూడు" అన్నారు.

గంగామణి పొట్ట మీద, రెండు పక్కలా, ఉబ్బిన సిరలు. చూపుడువేలంత లావున, మెలికలు తిరిగి, గజ్జల నుంచి ఛాతీ దాకా. వాటిని చూడటానికి డాక్టరు అక్కర్లేదు. సారు వేడినీళ్లలో చేతులు ముంచి తుడుచుకుని, ఒక సిర మీద రెండు వేళ్లు ఆనించారు. వేళ్లను ఎడంగా జరుపుతూ మధ్యలోని రక్తాన్ని ఖాళీ చేశారు. పై వేలు తీశారు. సిర ఖాళీగానే ఉంది. మళ్లీ ఖాళీ చేసి ఈసారి కింది వేలు తీశారు. సిర చటుక్కున నిండింది.

"రక్తం ఎటు పోతున్నది?"

"కింది నుంచి పైకి సార్."

"బొడ్డు కింద ఉన్న రక్తం కిందికి దిగి లోపటి పెద్ద నరంల కలవాలె. పైకి ఎందుకు ఎక్కుతున్నది?"

"లోపలి తొవ్వ మూసుకపోయింది సార్."

"ఆ."

కాళ్ల నుంచీ నడుము నుంచీ రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర ఒకటి వెన్నెముక పక్కనే పైకి పోతుంది. వీనా కేవా అంటాం. శరీరంలో అంత లావు సిర ఇంకోటి లేదు. అది మూసుకుపోతే కింది రక్తం చర్మం కిందనున్న చిన్న సిరలను పట్టుకుని చుట్టూ తిరిగి పోతుంది. స్కానింగ్ తీసిన డాక్టరు మూత్రపిండం పక్కన ముద్ద ఉందన్నాడు, ఎక్కడిదో చెప్పలేకపోయాడు. బయటి గడ్డ ఏదో సిరను నొక్కుతున్నదని నేనూ అనుకున్నాను. సారు ఆ ఫిల్మును కిటికీ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశారు. నొక్కుతున్న గడ్డ అయితే సిర పక్కకు జరగాలి, ఇది జరగలేదు, సిరే ఉబ్బింది, గడ్డ సిర గోడలోనే పుట్టింది అన్నారు. సిర గోడలోని కండర పొరలో పుట్టే క్యాన్సర్ అది. పుస్తకంలో దానికి ఉన్నది పది వాక్యాలే. చాలామంది సర్జన్లు జన్మలో ఒకసారి కూడా చూడరు. ఆయన మాత్రం రెండు వేళ్లతో పట్టుకున్నారు. హైదరాబాద్‌లో తీసిన పరీక్షల్లో ఆయన చెప్పిందే తేలింది.

ఆ పరీక్షలకు పంపే ముందు నన్ను తన గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికి వేశారు. బల్ల మీద గంగామణి పాత కేస్ షీటు ఉంది. దాన్ని నావైపు తిప్పలేదు.

"సుజాతా, ఆ రోజు కడుపు చూసినవా?"

డాక్టరమ్మా అని ఎత్తిపొడవకుండా పేరు పెట్టి పిలిచారు. గొంతులో కోపం లేదు. అది నన్ను మరింత భయపెట్టింది. పన్నెండు మంచాల ముందు నిలబడ్డ రోజు గుర్తొచ్చింది.

"చూసిన సార్. అప్పుడు ఏం లేకుండె" అన్నాను.

ఆయన నావైపు చూశారు. "సరే" అన్నారు. నేను బయటికి వచ్చి వరండాలో కొళాయి తిప్పి మొహం కడుక్కున్నాను. ఎనిమిది నెలల కింద ఆ సిరలు లేచి ఉన్నాయో లేదో నాకు నిజంగా తెలియదు. లేవేమో కూడా. అలా అనుకుని ఎన్నో రాత్రులు నిద్రపోయాను. చూసి ఉంటే తెలిసేది. చూడలేదు కనక ఇక ఎప్పటికీ తెలియదు, నాకూ తెలియదు, ఎవరికీ తెలియదు.

సాయిలుకు విషయం చెప్పేటప్పుడు సారు నన్ను పక్కనే నిలబెట్టుకున్నారు. గడ్డ ఎక్కడుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించారు, హైదరాబాద్‌లో ఆపరేషన్ చేస్తారనీ, తీసినా మళ్లీ రావచ్చనీ దాచకుండా చెప్పారు. అతను అంతా విని, ఒక్కటే అడిగాడు.

"మేం ఎనిమిది నెల్ల కిందనే అచ్చినం గద సారూ. అప్పుడే ఎందుకు సెప్పలే?"

సారు కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఆయన అంత తీరిగ్గా అద్దాలు తుడవడం నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఖాళీ నాకోసమని తెలుస్తూనే ఉంది. నేను నేల మీది బండలు చూస్తూ నిలబడ్డాను.

"అప్పుడు నేను చూడలేదు సాయిలు. తప్పు నాదే" అన్నారు సారు.

సాయిలు బొమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతను పోయాక సారు నాకేసి తిరగకుండానే అన్నారు, "అబద్ధం ఆడిన అనుకోకు. బోదకాలు రెండు కాళ్లకు ఒక్క తీరుగ రాదు. రెండు అన్నప్పుడే నేను స్టూలు మీదికెంచి లేవాల్సి ఉండె. లేవలే." తప్పులో తన భాగం ఆయన తీసుకున్నారు. మిగిలిన భాగం అక్కడే పడి ఉంది, ఎవరూ ఎత్తుకోలేదు.

ఆపరేషన్ హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో జరిగింది. చేసినాయన సారుకు చదువుకునే రోజుల నుంచి స్నేహితుడు. సారు అరవైకి దగ్గరపడ్డ మనిషి, తన ఊళ్లో తానే పెద్ద సర్జన్, అక్కడ మాత్రం చేతులు కడుక్కుని రెండో సహాయకుడి చోట నిలబడ్డారు. నన్ను వెనక స్టూలెక్కి చూడమన్నారు. మొదలుపెట్టే ముందు కళ్లు మూసుకుని క్షణం సేపు ప్రార్థన చేసుకున్నారు. పొట్ట నిలువునా తెరిచి, పేగులను ఎడమవైపుకు జరిపితే, వాటి వెనక ఆ సిర కనపడింది. నీలంగా, పల్చగా ఉండవలసింది. నడిమధ్యలో జామకాయంత గడ్డ, తెల్లగా, గట్టిగా. దానికి పైన, మూత్రపిండాల సిరలు వచ్చి కలిసే చోటు రెండు వేళ్ల దూరంలో ఉంది. అక్కడిదాకా పాకి ఉంటే తీయడం కష్టమయ్యేది. పాకలేదు. పైన ఒక క్లాంపు, కింద ఒక క్లాంపు. మత్తు ఇచ్చే డాక్టరు రక్తపోటు చెబుతున్నాడు. అంత పెద్ద సిరను బిగించినా అది పడిపోలేదు.

"మనం కొత్తగా మూసేదేముంది, ఇది ఎప్పుడో మూసుకుపోయింది" అన్నాడు ఆ సర్జన్. "నెలల తరబడి పక్క దారులు వేసుకుంది. ఇప్పుడు కృత్రిమ గొట్టం కూడా వేయక్కర్లేదు, రెండు చివరలూ కట్టేస్తే చాలు. ఆలస్యం కూడా ఒక్కోసారి మేలు చేస్తుంది, దేవసహాయం."

ఆ మాట విని నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆలస్యం మేలు చేసింది. నేను మేలు చేశాను. ఐదు గంటలు పట్టింది, గడ్డను సిర ముక్కతో సహా, అంచులు చెదరకుండా తీశారు. కోత అంచులను లాగి పట్టే రిట్రాక్టరును సారు చివరిదాకా వదల్లేదు. గౌను విప్పుతూ నా దగ్గరికి వచ్చారు.

"గామాట ఇని నీ మొకం వెలిగింది" అన్నారు. "దాన్ని పట్టుకొని బతుకకు సుజాతా. గన్ని నెలలల్ల రక్తానికి తొవ్వలు దొరికినయ్. గడ్డకు గూడ దొరికే ఉంటయ్."

గంగామణి తేరుకుంది. కాళ్ల వాపు సగానికి పైగా దిగింది. నెల తర్వాత చూపించుకోవడానికి కంఠేశ్వర్ వచ్చింది, కాళ్లకు సాగే పట్టీలు చుట్టుకుని, నాకోసం బెల్లం ముద్ద మూట కట్టుకుని. సాయిలు మందుల కోసం పోయాడు. ఆమె నా చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టుకుంది.

"బిడ్డా, సారు నిన్ను ఏమన్న తిట్టిండా?"

"ఎందుకు అవ్వా?"

"నువ్వు లేని రోజు నా కడుపు సూసి, ముందుగాల ఎవ్వలు సూడలేదా అని అడిగిండు. ఇప్పుతనంటె డాక్టరమ్మనే వద్దన్నదని అన్న. అన్నంక నాకే పరేశానైంది. పోరిని తిడ్తడేమో, నౌకరి తీస్తడేమో అని. మా సాయిలుకు గూడ గామాట సెప్పలే. ఏమనలేదు గద?"

ఏమనలేదని చెప్పాను. ఆమె నా చెయ్యి నిమిరి, "మంచిగైంది" అంది. తన ప్రాణం మీదికి వచ్చిన మనిషి నా ఉద్యోగం గురించి నెలరోజులు బెంగపెట్టుకుంది. నా తల కొట్టేసినట్టయింది. సారు తలుపు వేసి నన్ను అడిగిన రోజున ఆయనకు అంతా తెలుసు. తెలిసే అడిగారు. నేను చూశానని చెబుతుంటే, అబద్ధమని తెలిసీ "సరే" అన్నారు. నాకు సిగ్గు రావడానికి ముందు కోపం వచ్చింది, ఆ సంగతి కూడా రాస్తున్నాను. నాకు పరీక్ష పెట్టాడని, ఉచ్చు పన్నాడని కోపం. ఆ కోపంతోనే ఆయన గదిలోకి పోయాను. ఆయన తలెత్తి "ఏంది?" అన్నారు. ఇప్పుడైనా చెబుతానేమోనని ఆ మొహంలో కనపడింది. నేను ఇప్పటికీ మరిచిపోలేనిది ఆ మొహమే.

"ఏం లేదు సార్" అన్నాను.

ఆ బుధవారం నుంచి సారు నన్ను తెర లోపలికి పంపలేదు. ఆయాను తోడు పెట్టుకుని, ప్రతి ఆడమనిషినీ బతిమాలి, తానే చూసేవారు. కొందరు లేచి వెళ్లిపోయేవాళ్లు. నేను పోతాను సార్ అని ఒకసారి అన్నాను. "వద్దు" అన్నారు, అంతే. సాయిలు తన ఊళ్లో ఏమన్నాడో తెలియదు గానీ, దేవసహాయానికి కండ్లు మసకవడ్డయని బోధన్‌లో చెప్పుకున్నారు. మెట్ల దాకా నిండే గదిలో బెంచీలు ఖాళీగా ఉండేవి. అది చూస్తూ నేను స్టూలు మీద కూర్చుని మందుల చీటీలు రాసేదాన్ని. ఒక్క మాట చెబితే ఆ పుకారు ఆగేది. నేను చెప్పలేదు. ఏడాదికి పైచదువుకు సీటు వచ్చి బయటపడ్డాను. పోయే రోజు ఆయన ఇచ్చిన సర్టిఫికెట్‌లో నేను పనిచేసిన కాలం రాసి, కింద ఒకే వాక్యం రాశారు, రోజూ సమయానికి వచ్చేది అని. ఆయన ఇంకేమీ రాయలేరు. చూడనిది రాయరు కదా.

గంగామణి ఆపరేషన్ తర్వాత ఏడాదిన్నర బతికింది. క్యాన్సర్ ఊపిరితిత్తుల్లోకి వచ్చింది. ఎనిమిది నెలల ముందు తీసి ఉంటే రాకపోయేదా? వచ్చేదేమో. ఆ జబ్బు అలాంటిది, ముందే తీసినవాళ్లకూ మళ్లీ వస్తుంది. ఈ సమాధానాన్ని నేను రోగుల బంధువులకు చాలాసార్లు చెప్పాను, అది నిజమే. నాకు నేను చెప్పుకున్నప్పుడు మాత్రం నమ్మకం కలగదు.

సారు పోయాక చర్చిలో జ్ఞాపక సభ పెట్టారు. అప్పటికి నిజామాబాద్‌లో నా క్లినిక్ నడుస్తోంది, నాకూ పేరుంది, మాట్లాడమన్నారు. వేడినీళ్ల గిన్నె గురించి చెప్పాను, డెబ్బై రెండు నాడి సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. నా తర్వాత వెనక బెంచీల్లోంచి ఒకతను లేచాడు. సాయిలు. అతను వస్తాడని నేను అనుకోలేదు.

"సారు సూడక మా అవ్వ రోగం ముదిరింది" అన్నాడు. "సానా దినాలు సారును తిట్టుకున్న. గని తప్పు నాదే అని నా మొకం మీద సెప్పిన డాక్టరును నేను ఇంకొగన్ని సూడలే. అందుకే అచ్చిన." సారు భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను ముందు వరసలో ఉన్నాను, లేస్తే అందరికీ కనపడతాను. లేవలేదు. ఆయన బతికుండగా చెప్పనిది ఇప్పుడు చెప్పి ఏం లాభం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. లాభం ఉండేది. చచ్చిపోయిన మనిషి మీద పడిన మచ్చ పోయేది.

ఆ తర్వాతి వారమే సాయిలు భార్యను తీసుకుని నా క్లినిక్‌కు వచ్చాడు. ఆమెకు పొట్టలో నొప్పి. తల నుంచి పాదాల దాకా చూశాను, చూసింది రాశాను, చూడలేనిది చూడలేదని రాశాను. ఇప్పుడు ఎవరికైనా అలాగే రాస్తాను, నా దగ్గర పనిచేసే పిల్లలు నన్ను చాదస్తురాలంటారు. ఆమెది పిత్తాశయంలో రాయి, నయమైంది. అప్పటి నుంచి వాళ్లింట్లో ఎవరికేమైనా బోధన్ నుంచి బస్సెక్కి నా దగ్గరికే వస్తాడు. దారిలో ఎన్ని ఆసుపత్రులు దాటి వస్తాడో.

"సారు చేతి కింద తయారైనోళ్లు మీరు" అంటాడు ప్రతిసారీ. "తప్పైతే తప్పైందని సెప్తరు మీరు. నాకు ఎరుకే."

నేను తల ఊపుతాను. మందుల చీటీ ఇస్తే అటూ ఇటూ తిప్పి, ఏ పూట ఏది వేసుకోవాలో నోటితో చెప్పించుకుని పోతాడు. సాయిలుకు చదువు రాదు. అది తెలుసు కనకే ఇదంతా రాయగలిగాను.